పశువైద్య విద్యార్థికి మాట కూడా నేర్పాలి



పశువైద్యం చదివే పిల్లలను పెళ్ళిళ్ళలో చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలిసే ఉంటుంది. "ఎంబీబీఎస్‌లో సీటు రాలేదా?" రెండోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. "అయితే గొడ్ల డాక్టరువన్నమాట." ఈ రెండింటికీ నొచ్చుకోకుండా, ఎదుటివాళ్ళను నొప్పించకుండా జవాబు చెప్పడం కూడా ఒక విద్యే. అయిదున్నరేళ్ళ చదువులో దానికి పాఠం లేదు, మార్కులూ లేవు. అలాగే పాఠం లేని విద్యలు ఇంకా చాలా ఉన్నాయి. పశువు యజమానితో మాట్లాడటం, అతను దాచిన సంగతి రాబట్టడం, ఖర్చు ఎంతవుతుందో ముందే చెప్పడం, రాయకూడని సర్టిఫికెట్ రాయనని చెప్పడం, కింద పనిచేసే అనుభవజ్ఞుడితో గౌరవంగా మెలగడం, చివరికి తన బతుకుతెరువు తాను వెతుక్కోవడం. ఇవాళ్టి ప్రసంగం వీటి గురించే.

తార్నాక దగ్గర ఉస్మానియా క్యాంపస్‌లోకి రోజూ వెళ్ళివచ్చే విద్యార్థుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1946లో హైదరాబాదులో పశువైద్య కళాశాల మొదలైనప్పుడు అది ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండేది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని చేతిలోకి వెళ్ళింది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు పి.వి. నరసింహారావు పేరిట వేరే పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలు ఇప్పుడు దాని కిందివే. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి ఉన్నాయి. బోర్డులు మారాయి, భవనాలు మారాయి. విద్యార్థి చేత యజమానితో ఎలా మాట్లాడించాలన్న సంగతి మాత్రం ఎప్పటిలాగే గురువుగారి స్వభావానికి వదిలేశారు. గురువు మంచి మాటకారి అయితే శిష్యుడికి అబ్బుతుంది, కాకపోతే లేదు.

భారత పశువైద్య మండలి 2016లో తెచ్చిన కనీస ప్రమాణాల నిబంధనల ప్రకారం ఈ చదువు అయిదున్నరేళ్ళు. నాలుగున్నరేళ్ళు తరగతులు, ప్రాక్టికల్స్. చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్. ఆ ఏడాదిలో ఆసుపత్రిలో, పశువుల ఫారంలో, పల్లెల్లో తిరగాలి. కాగితం మీద చూస్తే బాగానే ఉంటుంది. కానీ ఇంటర్న్ ఎన్ని ఇంజక్షన్లు వేశాడు, ఎన్ని చూడి పరీక్షలు చేశాడు అన్నది రికార్డు పుస్తకంలో కనిపిస్తుంది గాని, ఎన్నిసార్లు సరైన ప్రశ్న అడిగాడు అన్నది ఏ పుస్తకంలోనూ కనిపించదు.

సరైన ప్రశ్న అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. ఇది పశువైద్య కళాశాలల్లో ప్రతి తరానికీ చెప్పే హెచ్చరికే.

ఒక పెద్దాయన గేదెను తీసుకొస్తాడు. "బర్రె మేత ముడుతలేదు సారూ. నోట్లకెల్లి జొల్లు కారుతున్నది. గొంతుల ఏదో అడ్డం పడ్డది, జర చెయ్యి పెట్టి చూడుండ్రి." కొత్త డాక్టరుకు ఉత్సాహం ఎక్కువ. మామిడి టెంకో, ప్లాస్టిక్ సంచో ఇరుక్కుందనుకుని చొక్కా చెయ్యి పైకి మడిచి, ఉత్త చేత్తో గొంతులో వెతుకుతాడు. అక్కడ ఏమీ దొరకదు. రెండు రోజుల తర్వాత గేదె చచ్చిపోతుంది. అది రేబీస్. పిచ్చి పట్టిన పశువుకు గొంతు కండరాలు పనిచేయక మింగలేదు, అందుకే జొల్లు. ఆ జొల్లులోనే వైరస్ ఉంటుంది. లక్షణాలు కనిపించిన తర్వాత మనిషికి రేబీస్ నుంచి బయటపడే దారి దాదాపు లేదు కాబట్టి, ఆ డాక్టరు చెయ్యి కడుక్కుని టీకాల కోసం పరుగెత్తాలి.

అడగాల్సిన ప్రశ్న చిన్నదే, "కుక్క కరిచిందా?" అని. అయితే దాన్ని అలా నేరుగా అడిగితే చాలాసార్లు "లేదు సారూ" అనే జవాబు వస్తుంది. ఆయన అబద్ధాలకోరు అయి కాదు. కరిచిందని ఊళ్ళో తెలిస్తే రేపటి నుంచి ఆయన పాలు ఎవరూ పోయించుకోరు. కరిచినప్పుడు ఆయన ఇంట్లో లేకపోయి ఉండవచ్చు కూడా. తెలివైన డాక్టరు పక్కనుంచి వస్తాడు. "పెద్దయ్యా, ఈ రెండు మూడు నెలల్ల మీ ఊళ్ళె పిచ్చికుక్క ఏమన్నా తిరిగిందా? పక్కోళ్ళ గొడ్లను గిట్ల పట్టిందా? బర్రె అరుపు మారిందా?" ఊరి సంగతి చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ మాటల్లో తన సంగతీ వచ్చేస్తుంది. ఈ మెలకువ తెలియడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, రెండు మూడుసార్లు గురువు ముందు సాధన చేస్తే చాలు. దాన్ని మనం చేయించం.

ఇంకో సందర్భం. పెళ్ళిళ్ళ సీజన్. తెల్లారేసరికి ఆవు పొట్ట బిగిసి, మేత మాని, పళ్ళు కొరుకుతూ నిలబడి ఉంటుంది. డాక్టరు వస్తాడు. మంచం మీద కూర్చున్న ఇంటి పెద్ద అన్నింటికీ జవాబు చెబుతాడు. "మామూలు గడ్డే వేసినం. ఏం మారలే." అసలు సంగతి వేరు. ముందు రాత్రి పెళ్ళివారింట మిగిలిన అన్నం కుండతో తెచ్చి కోడలు ఆవుకు పెట్టింది. పారేయడం ఎందుకులే అనుకుంది. అంత అన్నం ఒక్కసారి కడుపులో పడితే పులిసి ఆమ్లమవుతుంది, సమయానికి చూడకపోతే ఆవు దక్కదు. కోడలు గుమ్మం వెనకే నిలబడి ఉంది. అత్తగారు ఎదురుగా ఉండగా ఆమె నోరు విప్పదు. డాక్టరు అత్తగారిని "అవ్వా, వేడినీళ్ళు కావాలె, తెప్పిస్తవా" అని లోపలికి పంపి, కోడలి వైపు తిరిగి, "అమ్మా, రోజూ దీని మేత, కుడితి చూసేది నువ్వే కదా? నిన్న రాత్రి ఏం తిన్నది?" అని అడిగితే నిమిషంలో తేలిపోతుంది.

ఇది నాటకీయంగా అనిపించవచ్చు. కానీ మన ఊళ్ళలో గొడ్ల పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్ళది. పాలు పిండేది, పేడ ఎత్తేది, దూడను విప్పేది, కుడితి కలిపేది వాళ్ళు. పొదుగు వాపు మొదటి రోజు కనిపెట్టేది పితికే చెయ్యి. ఆవు ఎదకు వచ్చిందా లేదా అన్నది ముందుగా గమనించేది కూడా వాళ్ళే. డాక్టరు మాట్లాడేది మాత్రం మగవాళ్ళతో. సగం సమాచారం గుమ్మం వెనకే ఉండిపోతుంది. 1990లలో సాగరి రాందాస్, నిత్యా ఘోట్గే వంటి మహిళా పశువైద్యులు కలిసి 'ఆంత్ర' అనే సంస్థ పెట్టి తెలుగు నేల మీదా మహారాష్ట్రలోనూ పనిచేశారు. దక్కనీ గొర్రెల కాపరుల దగ్గర, కోళ్ళు పెంచే ఆడవాళ్ళ దగ్గర, నాటువైద్యుల దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకున్నారు. వాళ్ళు చెప్పిన ప్రతి వైద్యమూ ఒప్పుకోవాలని కాదు, నాకు అందులో కొన్నింటి మీద అనుమానాలే ఉన్నాయి. కానీ డాక్టరు మందు పెట్టె తెరవడానికి ముందు వినాలన్న పద్ధతిని వాళ్ళు చేసి చూపించారు. ఆ పద్ధతి మన కళాశాలల తరగతి గదిలోకి ఇంకా సరిగ్గా రాలేదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పరీక్ష ఇంగ్లీషులో, వైద్యం తెలుగులో, కొన్నిచోట్ల ఉర్దూలో, అడవి ప్రాంతాల్లో గోండీలో, కోయలో. విద్యార్థి నాలుగేళ్ళు ఫుట్ అండ్ మౌత్ డిసీజ్ చదువుతాడు. కాపు వచ్చి గాలికుంటు అంటాడు. గొంతువాపు, జబ్బవాపు, చిటుకు రోగం, నీలి నాలుక, దొమ్మ, ఇవన్నీ కొందరు ఊరి పిల్లలకు తెలుసు. నగరంలో పెరిగినవాళ్ళు ఇంటర్న్‌షిప్‌లో మొదటిసారి వింటారు. "నిన్న నాము మేసింది సారూ" అని గొర్రెలవాడు పరుగెత్తుకొస్తే, అది లేత జొన్న పిలకల విషమని తెలియడానికి పుస్తకం తిరగేసే వ్యవధి ఉండదు. మంద దగ్గరికి వెళ్ళేసరికే రెండు మూడు పడిపోయి ఉంటాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో అత్యధికంగా గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ, దాదాపు 1 కోటి 90 లక్షలు. ఇలాంటి చోట గొల్లకురుమల మాట తెలియని పశువైద్యుడు ఎంత చదివినా పరాయివాడే.

ఇక నగరానికి వద్దాం. మా మల్కాజ్‌గిరిలో, ఆనంద్‌బాగ్ నుంచి సఫిల్‌గూడ చెరువు దాకా సాయంత్రం నడిస్తే లాబ్రడార్లు, పగ్‌లు, వీధి నుంచి తెచ్చి పెంచుకున్న కుక్కలు ఎన్నో కనిపిస్తాయి. ఇక్కడ పశువైద్యుడి ఎదుట కూర్చునేవాళ్ళు వేరు. ఫోనులో అప్పటికే నాలుగు పేజీలు చదివి వస్తారు. "పార్వో అని నెట్‌లో ఉంది డాక్టర్‌గారూ, కదా?" అని వాళ్ళే రోగనిర్ధారణ చేస్తారు. దానికి చిరాకు పడితే వాళ్ళు వేరే క్లినిక్‌కు పోతారు. "మంచిది, చదివారు కదా, అందులో ఏ లక్షణాలు మీ కుక్కపిల్లలో కనిపించాయి?" అని అడిగితే చదివిందంతా సమాచారంగా మారుతుంది.

పార్వో పట్టిన కుక్కపిల్లకు రోజుల తరబడి సెలైన్, ఇంజక్షన్లు కావాలి. ఖర్చవుతుంది. బతుకుతుందన్న హామీ లేదు. ఈ రెండు మాటలూ మొదటి రోజే, మొదటి సూది వేయకముందే చెప్పాలి. మనవాళ్ళకు డబ్బు మాట ఎత్తడం మొహమాటం. "చూద్దాం అండీ, తగ్గుతుంది" అని మొదలుపెట్టి, మూడో రోజు బిల్లు చేతిలో పెడతారు. కుక్కపిల్ల చచ్చిపోయి, బిల్లు మిగిలితే ఆ ఇంటివాళ్ళకు వైద్యం మీద నమ్మకం పోతుంది. పల్లెలో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. మేక ఖరీదు కంటే మందుల ఖరీదు ఎక్కువైతే కాపు ఏం చేయాలి? అతని బదులు డాక్టరు నిర్ణయించకూడదు. ఉన్న దారులు ముందు పెట్టాలి. ఇది పూర్తి వైద్యం, ఇంత అవుతుంది. ఇది కనీస వైద్యం, తగ్గే అవకాశం ఇంత. ఇది ఏమీ చేయకపోతే జరిగేది. ఎంచుకున్నాక తప్పు పట్టకూడదు.

కుక్కను నొప్పి లేకుండా చంపేయాల్సిన రోజు గురించి ఒక మాట. పదమూడేళ్ళు పెరిగిన కుక్క, మూత్రపిండాలు పోయాయి. ఇంటి యజమాని లోపలికి వచ్చి తక్కువ గొంతుతో "ఇంజక్షన్ ఇచ్చేయండి, పిల్లలకు తెలియనివ్వకండి" అంటాడు. ఒప్పుకుని చేసేసే డాక్టర్లు ఉన్నారు. నా అభిప్రాయంలో అది పొరపాటు. పిల్లలకు రేపు ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు డాక్టరూ తండ్రీ ఇద్దరూ మోసం చేసినట్టవుతుంది. ఇంటివాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, ఏమవుతుందో, ఎంతసేపు పడుతుందో, కళ్ళు తెరిచే ఉండవచ్చని కూడా ముందే చెప్పి, ఉండాలనుకున్నవాళ్ళను ఉండనివ్వాలి. దీనికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు ఎలా గడపాలో విద్యార్థికి ఎవరో ఒకరు చూపించాలి.

ఆసుపత్రి గోడల మధ్య మనుషుల సంగతి ఇంకోటి. కొత్తగా ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ సర్జన్ వయసు ఇరవై నాలుగో ఇరవై అయిదో. ఆయన కింద పనిచేసే లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌కు ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళ అనుభవం ఉండవచ్చు. ఊళ్ళో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర చేతికి ఎద సూదులు వేయడంలో వచ్చిన నేర్పు కొత్త డాక్టరుకు రావడానికి చాలా కాలం పడుతుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే అధికారం రిజిస్టరయిన పశువైద్యుడిది. చిన్న సేవలు చేసేవాళ్ళు అతని పర్యవేక్షణలో, అతను చెప్పినట్టు చేయాలి. చట్టం అధికారం ఇచ్చింది గాని గౌరవం ఇవ్వలేదు. గౌరవం మొదటి వారంలో ఎలా నడుచుకున్నారన్న దాన్ని బట్టి వస్తుంది. "అన్నా, ఈ ఊళ్ళె ఏ రోగం ఎక్కువ? ఏ నెలల వస్తది?" అని ఆ అసిస్టెంటును అడిగిన డాక్టరుకు ఏడాది పాటు పని సాఫీగా సాగుతుంది. అందరి ముందూ తప్పు పట్టిన డాక్టరుకు, తప్పు నిజమైనదే అయినా, ఆ తర్వాత ఎవరూ ఏ సంగతీ చెప్పరు.

సర్టిఫికెట్ల గురించి మా వాళ్ళు బయట పెద్దగా మాట్లాడరు. ఇన్సూరెన్స్ ఉన్న ఆవు చచ్చిపోతుంది. చెవిపోగు లేదు, ఎక్కడో రాలిపోయింది. దాని మీద ఉండే 12 అంకెల నంబరు ఉంటే తప్ప క్లెయిమ్ రాదు. "సారూ, ఇంకో పోగు వేసి రాయుండ్రి, పేదోన్ని" అని కాపు బతిమాలుతాడు. వెనక సర్పంచి నిలబడతాడు. కాళ్ళు పట్టుకునే వాణ్ణి కాదనడం కష్టం, సంతకం పెడితే అది దొంగ సర్టిఫికెట్. విద్యార్థికి నీతి బోధించి లాభం లేదు, సూత్రం అతనికీ తెలుసు. అతనికి కావలసింది నోట్లో మెదిలే నాలుగు వాక్యాలు. "పెద్దయ్యా, నేను రాసింది రేపు కంపెనీవాళ్ళు కెమెరాతో చూస్తరు. తప్పని తేలితే నీకు పైసలు రావు, నా రిజిస్ట్రేషనూ పోతది. పోస్టుమార్టం సక్కగ చేసి, పోగు ఎట్ల పోయిందో ఉన్నదున్నట్టు రాస్తా. ఆఫీసుకు నేనే ఫోన్ చేస్తా." కుదరదని చెప్పడంతో పాటు ఏదో ఒక సాయం చేతిలో పెట్టాలి. ఇలాంటి సందర్భాలను తరగతిలో ముందే ఆడించి చూపితే ఉద్యోగంలో చేరిన నెలలో విద్యార్థి వణకడు.

ఇక బతుకుతెరువు. తార్నాక చుట్టుపక్కల రీడింగ్ రూముల్లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ళలో పశువైద్య పట్టభద్రులూ ఉంటారు. లక్ష్యం ఒక్కటే, సర్కారీ అసిస్టెంట్ సర్జన్ కొలువు. దాన్ని కాదనను. మంచి ఉద్యోగమే, ఊరికి అవసరమైన ఉద్యోగమే. కానీ నోటిఫికేషన్ వచ్చేదాకా నాలుగేళ్ళు చెయ్యి వాడకుండా కూర్చుంటే నేర్చుకున్న శస్త్రచికిత్స తుప్పు పడుతుంది. ఈ మధ్యలో తల ఎత్తి చుట్టూ చూడమంటాను. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. దాని ఆవరణలోని ప్రయోగశాల జంతువుల శాస్త్ర కేంద్రం ఎలుకలు, కుందేళ్ళు పెంచే చోట పనిచేసేవాళ్ళకు చాలా ఏళ్ళు శిక్షణ ఇచ్చింది. జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం ఉండాలి, ఆ సంఘంలో పశువైద్యుడు ఉండి తీరాలి. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి పశువైద్యుల అవసరం ఉంది. ఆ సంస్థకు అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ అనే ప్రయోగశాల అంతరించిపోతున్న జంతువుల కోసం పనిచేస్తుంది.

లాలాపేటలో విజయ డెయిరీ. ఉప్పల్ దాటి చెంగిచర్లకు వెళితే మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ. మాంసం శుభ్రతను పరీక్షించడం పశువైద్యుడి పని అని మన జనానికి తెలియదు, చదువుకునే విద్యార్థుల్లో కూడా చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. ఎగుమతి చేసే ఏ మాంసం కంపెనీకైనా పశువైద్య పట్టా ఉన్నవాళ్ళు అవసరమే. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి జంతు వనరుల కేంద్రం కూడా అక్కడే ఉంది. వీటిలో చాలావరకు మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనో, దాని అంచునో ఉన్నాయి. కోళ్ళ పరిశ్రమ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో పాఠం అప్పజెప్పమని అడగరు. మీ మందలో రోగం వస్తే ఎవరికి, ఏ క్రమంలో, ఎలా తెలియజేస్తారు అని అడుగుతారు. ఒక పేజీ రిపోర్టు రాసి చూపించమంటారు. మన పిల్లలకు ఒక పేజీ రాయడం రాదు. ఇరవై పేజీలు రాస్తారు.

అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళ కథ వేరు. విదేశీ పట్టా ఉన్నవాళ్ళకు అక్కడి పశువైద్య సంఘం పెట్టే అంచెల్లో చివరిది చేత్తో చేసి చూపే పరీక్ష. మత్తు ఇవ్వడం, శస్త్రచికిత్స, గుర్రం, పాడి పశువు, చిన్న జంతువులు, ఎక్స్-రే, పోస్టుమార్టం అన్నీ ఉంటాయి. ఆ పరీక్షకు చదివేటప్పుడు మనవాళ్ళు గుర్తించేది ఏమిటంటే, చేతి పని ఎంత ముఖ్యమో పద్ధతిగా చేయడం, చేసింది చేసినట్టు రాయడం అంతే ముఖ్యమని. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2012లోనే పట్టా పుచ్చుకున్న మొదటి రోజు పశువైద్యుడికి ఏమేం వచ్చి ఉండాలో సిఫారసు చేసింది. సంభాషణ నైపుణ్యం అందులో ఒక అంశం. ఇంగ్లండులోని పశువైద్య మండలికి కూడా ఇలాంటి జాబితా ఉంది. కొన్ని విదేశీ కళాశాలల్లో నటులను పిలిపించి, యజమాని వేషం వేయించి, విద్యార్థి చేత మాట్లాడించి, తర్వాత ఎక్కడ తడబడ్డాడో చెబుతారు.

మనకు నటులకు కొదవా? తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. ఊళ్ళలో పగటివేషగాళ్ళు ఉన్నారు. రిటైరయిన గోపాలమిత్రలు ఉన్నారు, వాళ్ళు నటించాల్సిన పనే లేదు. నెలకు ఒక మధ్యాహ్నం పది మంది విద్యార్థులను కూర్చోబెట్టి, కాపు, కోడలు, సర్పంచి, కుక్కను పోగొట్టుకున్న తాతగారు, ఇలా వేషాలు వేయించి, మాట్లాడిన తీరుకు మార్కులు వేస్తే చాలు. మార్కులు తప్పనిసరి. మార్కు లేని సంగతి మన విద్యార్థి చదవడు, అందుకు వాణ్ణి నిందించి లాభం లేదు.

దీనికి పెద్దలు చెప్పే అభ్యంతరం నేను విన్నాను. అనుభవం మీద అదే వస్తుంది, మాకు ఎవరు నేర్పారు అంటారు. నిజమే, వచ్చింది. అయితే ఆ అనుభవం ఎవరి గేదెల మీద, ఎవరి ఆవుల మీద వచ్చిందో కూడా లెక్క వేసుకోవాలి. మరో అభ్యంతరం, సిలబస్ ఇప్పటికే కిక్కిరిసి ఉందని, బోధించేవాళ్ళు తక్కువగా ఉన్నారని. అది ఒప్పుకోవాల్సిన మాట. అందుకే కొత్త పేపరు పెట్టమనడం లేదు. వైద్యశాలలో ఉదయం చూసే ప్రతి కేసుకూ ఇంటర్న్ అయిదు నిమిషాలు మాట్లాడుతుంటే, గురువు మౌనంగా పక్కన నిలబడి విని, తర్వాత రెండు వాక్యాలు చెబితే సరిపోతుంది. మనకు కష్టమైనది ఆ మౌనమే. గురువు ఆగలేడు, మధ్యలో తనే అడిగేస్తాడు.

ఈ ఏడాది ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళబోతున్న పిల్లలకు చివరగా నా విన్నపం. రాష్ట్ర పశువైద్య మండలిలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ పని మొదట పూర్తి చేసుకోండి. రేబీస్ ముందస్తు టీకాలు వేయించుకున్నారో లేదో చూసుకోండి. మాయ చేత్తో తీసేటప్పుడు చేతి తొడుగు లేకుండా దిగకండి, బ్రూసెల్లా వస్తే జ్వరం నెలల తరబడి వదలదు. జేబులో పట్టే నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. ప్రతి రోజూ కాపులు వాడిన రోగాల పేర్లు, వాళ్ళ మాటల్లోనే, రాసుకోండి. ప్రతి కేసులోనూ మేత పెట్టే మనిషి ఎవరో కనుక్కుని ఆ మనిషితో మాట్లాడండి. వారానికోసారి మీ గురువును, "సార్, ఈసారి మీరు ఏమీ మాట్లాడకండి, నేను మాట్లాడతాను, తర్వాత ఎలా ఉందో చెప్పండి" అని అడగండి. ఆయన మొదట కాస్త ఆశ్చర్యపోతారు, ఒప్పుకుంటారు.